ఎంత కదలాలో అంతే

రాణీగంజ్‌లో స్పేర్ పార్ట్స్ దుకాణానికి వెళ్లి సైలెంట్ బ్లాక్, అంటే రబ్బరు బుష్, కావాలంటే, కౌంటర్ దగ్గరాయన బండి పేరు తర్వాత అడుగుతాడు. ముందు అడిగేది ‘‘శాంపిల్ తెచ్చారా?’’ అని. పాతది చేతికిస్తే గుడ్డతో తుడిచి, వెర్నియర్ పెట్టి, బయటి వ్యాసం, లోపలి రంధ్రం, పొడవు చూసి, ఆ తర్వాతే అటక మీది డబ్బాల వైపు తిరుగుతాడు. గుప్పిట్లో ఇమిడే వస్తువుకి అంత పరిశీలన ఎందుకో బండి కిందికి దిగితేనే తెలుస్తుంది. సికింద్రాబాద్‌లో ఒక చిన్న షెడ్డులో, ఏళ్లు పైబడిన ఫోర్ బై ఫోర్ పికప్ ట్రక్కుకు ముందు డిఫరెన్షియల్‌ను మోసే బుష్‌లు పోయాయని తేల్చి, వాటిని మార్చిన పనిని నేను మొదటి నుంచి చివరిదాకా దగ్గరుండి చూశాను. ఆ పనిలో విప్పడం, బిగించడం కన్నా చూడటం, కొలవడం ఎక్కువ. నన్ను పట్టి నిలబెట్టింది అదే.

ముందు వస్తువు సంగతి. బుష్‌లో మూడే భాగాలు: బయట ఒక ఉక్కు గొట్టం, లోపల అంతకన్నా మందమైన ఇంకో ఉక్కు గొట్టం, రెంటి మధ్య రబ్బరు. ఆ రబ్బరును గొట్టాల మధ్య కూరి వదిలేయరు. ఉక్కును గరుకు చేసి, జిడ్డు లేకుండా కడిగి, జిగురు పూతలు పూసి అచ్చులో నిలబెడతారు. అచ్చులోకి రబ్బరును ఒత్తిడితో పంపి, సుమారు 150 డిగ్రీల వేడిలో ఉంచుతారు. రబ్బరు వల్కనైజ్ అవడం, ఉక్కుకు అతుక్కోవడం ఆ వేడిలో ఒకేసారి జరిగిపోతాయి. సరిగ్గా తయారైన బుష్‌ను బలవంతంగా చీలిస్తే రబ్బరు తన ఒంట్లో తాను చీలాలి తప్ప ఉక్కు నుంచి పొరలా ఊడి రాకూడదు. తయారీలో అతుకును పరీక్షించేది ఇలాగే.

లోపలి గొట్టం బయటిదానికన్నా కొద్దిగా పొడవుంటుంది. ఈ కీలు పనిచేసేదంతా ఆ తేడా మీదే. బోల్టు బిగిస్తే ఛాసిస్ బ్రాకెట్ చెవులు రెండూ వచ్చి లోపలి గొట్టం అంచులనే నొక్కుతాయి, దాంతో ఆ గొట్టం బ్రాకెట్‌తో ఒకటైపోతుంది. బయటి గొట్టమేమో డిఫరెన్షియల్ చేతిలోని రంధ్రంలో బిర్రుగా దిగి ఉంటుంది. ఇక కదలడానికి మిగిలింది మధ్యలోని రబ్బరొక్కటే. అది జారదు, దొర్లదు. మెలిపడుతుంది, సాగుతుంది, తిరిగి తన చోటికొస్తుంది. ఒకదాని మీద ఒకటి రాసుకునే తలాలు లేవు కాబట్టి గ్రీజు నిపుల్ లేదు, కిర్రుమనే చప్పుడు లేదు, ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోవలసిన అవసరం లేదు. ఏళ్ల తరబడి ఎవరూ చూడకపోవడానికి కూడా కారణం అదే.

రబ్బరుకు ఇంకో సుగుణం ఉంది. పేక కట్టను బల్ల మీద పెట్టి పైనుంచి అదిమితే అణగదు, పక్కకు తోస్తే మాత్రం తేలిగ్గా వాలుతుంది. రెండు ఉక్కు తలాల మధ్య పట్టిన పలచని రబ్బరూ అంతే, నొక్కుడుకు మొండి, కోతకు మెత్తన. బుష్ రూపకల్పన చేసేవాళ్లు దీన్ని ఎంత తెలివిగా వాడుకుంటారంటే, రబ్బరులో నెలవంక ఆకారంలో రెండు ఖాళీలు వదులుతారు. ఖాళీలున్న దిక్కున బుష్ మెత్తగా, లేని దిక్కున గట్టిగా ఉంటుంది. మెత్తటి దిక్కున మరీ దూరం పోకుండా ఖాళీలోకి ఒక చిన్న రబ్బరు బొడిపె పొడుచుకుని ఉంటుంది. మామూలు కుదుపులకు ఖాళీ సర్దుకుంటుంది, పెద్ద దెబ్బకు బొడిపె వచ్చి ఆనుకుంటుంది. ఏ దిక్కున ఎంత కదలాలో ఆ రబ్బరు ఆకారంలోనే రాసి ఉందన్నమాట.

ఇప్పుడు డిఫరెన్షియల్‌కు ఇలాంటి ఊత ఎందుకో చూద్దాం. మన హైవేల మీద తిరిగే మామూలు లారీలకు ఈ బుష్ ఉండదు. వెనక ఇరుసు ఒకే గట్టి హౌసింగ్. క్రౌన్, పినియన్, మధ్యలోని చిన్న గేర్లు అన్నీ దాని కడుపులోనే ఉంటాయి. హౌసింగ్ మొత్తాన్ని రెండు కమాన్ కట్టలు మోస్తాయి. గుంత వస్తే చక్రాలతో పాటు డిఫరెన్షియలూ ఎగిరి దిగుతుంది. అక్కడ అరిగే బుష్‌లు కమాన్ కళ్లల్లో, షాకిల్ దగ్గర ఉంటాయి. సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఊరు కాబట్టి ఇంకో రకాన్నీ గుర్తుచేసుకోవచ్చు. సైన్యం వాడే టాట్రా ట్రక్కుల్లో నిచ్చెన లాంటి ఛాసిస్‌కు బదులు బండి నడుమ ఒక లావుపాటి గొట్టం వెన్నెముకలా సాగుతుంది, డిఫరెన్షియల్ నేరుగా దానికే బిగిసి ఉంటుంది, ఇరుసు సగాలు మాత్రం అటూ ఇటూ ఊగుతాయి.

మూడో పద్ధతి మనం చూస్తున్న పికప్‌లది. 2016లో శ్రీసిటీలో ఇసుజు కర్మాగారం మొదలయ్యాక అక్కడ తయారై రోడ్డెక్కిన డి-మ్యాక్స్ వి-క్రాస్ ఈ జాతిదే. వెనక కమాన్ కట్టల మీద గట్టి ఇరుసు, ముందు డబుల్ విష్‌బోన్లు, కాయిల్ స్ప్రింగులు. ముందు చక్రాలు దేనికది విడిగా పైకీ కిందికీ ఆడతాయి. అవి అలా ఆడాలంటే డిఫరెన్షియల్ వాటితో ఎగరకూడదు, ఛాసిస్‌ను పట్టుకుని ఉండాలి. దాని నుంచి రెండు పొట్టి యాక్సిల్ షాఫ్టులు చెరో చక్రానికి వెళ్తాయి.

ఛాసిస్‌ను పట్టుకుని ఉండాలంటే నేరుగా బోల్టులతో బిగించేస్తే పోదా? పోదు. రెండు కారణాలు. క్రౌన్, పినియన్ పళ్లు ఒకదానితో ఒకటి కలిసేటప్పుడు సన్నగా మూలుగుతాయి, ఉక్కుకు ఉక్కు తగిలిస్తే ఆ మూలుగంతా క్యాబిన్‌లోకి వస్తుంది. రెండోది అంతకన్నా ముఖ్యం. గుంతల దారిలో ఛాసిస్ మెలి తిరుగుతుంది, ఆ మెలిని పోత లోహపు హౌసింగ్ భరించలేదు, చెవుల దగ్గర పగులుతుంది. అందుకే ఈ పికప్‌లో డిఫరెన్షియల్‌ను మూడంటే మూడు చోట్ల పట్టారు. ఎడమ చేయి, కుడి చేయి, వెనక్కి తిరిగి ఉన్న పినియన్ ముక్కు. మూడు బిందువులు ఎప్పుడూ ఒకే తలం మీద ఉంటాయి కాబట్టి ఛాసిస్ ఎటు మెలి తిరిగినా హౌసింగ్ మీద మెలి పడదు. మిగిలిన చిన్నా చితకా తేడాలను ఆ మూడు చోట్లా ఉన్న రబ్బరు మింగేస్తుంది.

ఆ రబ్బరు మీద పడే బరువెంతో ఉజ్జాయింపుగా లెక్క కట్టొచ్చు. తొలి వి-క్రాస్‌లోని రెండున్నర లీటర్ల డీజిల్ ఇంజన్ గరిష్ఠంగా ఇచ్చే టార్క్ 320 న్యూటన్ మీటర్లు. ఈ తరహా బండ్లలో మొదటి గేరు దాన్ని సుమారు నాలుగు రెట్లు, లో-రేంజ్ రెండున్నర రెట్లు, క్రౌన్-పినియన్ మళ్లీ నాలుగు రెట్లు చేస్తాయి. మొత్తం 40 రెట్లు. ముందు ఇరుసు వాటా సగమనుకుంటే 6,400 న్యూటన్ మీటర్లు. అయితే అంతా నేలకు దిగదు. ముందు చక్రాల మీద సుమారు టన్ను బరువుంటే, టైరు పట్టు వదిలి జారకముందు దిగేది 3,000కు అటూ ఇటూ. చక్రాన్ని ముందుకు తిప్పిన బలానికి ప్రతిగా అంతే బలం హౌసింగ్‌ను వెనక్కి తిప్పబోతుంది. ముందు డిఫరెన్షియల్‌లో పినియన్ వెనక్కి చూస్తుంటుంది గనక ముందుకు లాగినప్పుడు దాని ముక్కు కిందికి అణుగుతుంది, రివర్స్‌లో పైకి లేస్తుంది. చేతులకూ ముక్కుకూ మధ్య దూరం 40 సెంటీమీటర్లుంటే ముక్కు దగ్గరి బుష్ ఆపవలసిన బలం 750 కిలోల దాకా వస్తుంది. మూడు నాలుగు వేళ్ల వెడల్పున్న రబ్బరు ఇన్నేళ్లూ ఆపుతూ వచ్చింది ఇంత బలాన్ని.

ఆ పికప్ యజమాని చెప్పిన ఫిర్యాదు ఒక్కటే. రివర్స్ వేసి క్లచ్ వదిలితే ముందు నుంచి ఠక్‌మని వస్తోంది, ఘాటులో యాక్సిలరేటర్ తొక్కి వదిలినప్పుడల్లా అదే. అప్పటికే వేరేచోట స్టెబిలైజర్ లింకులు, కింది విష్‌బోన్ బుష్‌లు మార్పించారు. చప్పుడు పోలేదు. షెడ్డు ఉస్తాద్ పానా తియ్యలేదు, ప్రశ్నలు వేశాడు. బ్రేకు తొక్కితే వస్తుందా? స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలితే టిక్ టిక్ మంటుందా? బరువున్నప్పుడు ఎక్కువా, ఖాళీగానా? వెనక చక్రాలకే శక్తి వెళ్లే టూ-హైలో ఉందా, నాలుగింటికీ వెళ్లే ఫోర్-హైలోనేనా? ప్రతి ప్రశ్నా ఒక్కో భాగాన్ని లిస్టులోంచి తీసేస్తుంది. బ్రేకుకు చప్పుడైతే విష్‌బోన్ బుష్‌ల మీద అనుమానం. మలుపులో టిక్ టిక్ అంటే యాక్సిల్ జాయింట్. గేరు మార్చినప్పుడు, యాక్సిలరేటర్ తొక్కి వదిలినప్పుడు మాత్రమే వస్తే శక్తి నడిచే దారిలో ఎక్కడో వదులుంది.

‘‘సప్పుడు ఇనవడ్డ కాడనే దెబ్బ ఉంటదని లేదు సార్, ఛాసిస్ అంతా ఇనుమే, ఎక్కడిదక్కడికి ఉరుకుతది’’ అన్నాడు.

ఆ తర్వాత బండిని మట్టి నేల మీదికి తీసుకెళ్లాడు. ఇలాంటి పార్ట్-టైమ్ ఫోర్ బై ఫోర్‌లో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలు పోయే దూరం, వెనక చక్రాలు పోయే దూరం వేరు కాబట్టి, గట్టి తారు మీద ఫోర్-హై వేసి తిప్పితే ఆ తేడా పోవడానికి చోటు లేక షాఫ్టులు బిగుసుకుపోతాయి, వాటి చప్పుళ్లు వేరే మొదలవుతాయి. వదులు మట్టి అయితే టైర్లు కొద్దిగా జారి సర్దుకుంటాయి, అసలు చప్పుడు విడిగా వినిపిస్తుంది. టూ-హైలో ముందుకూ వెనక్కీ నడిపితే ఏమీ లేదు. ఫోర్-హైలో ఠక్, రివర్స్‌లో ఇంకా గట్టిగా. వెనక సగం బండి నిర్దోషి అని అక్కడే తేలిపోయింది.

షెడ్డుకు వచ్చాక సాయంగా ఉండే కుర్రాడు అలవాటుగా ప్రెషర్ పైపు అందుకోబోతే ఉస్తాద్ ఆపాడు. కడిగితే సాక్ష్యం పోతుంది. కింద గార్డు ప్లేటు విప్పి, టార్చి పట్టుకుని పిట్‌లోకి దిగి, మట్టి పేరుకున్న చోట్లన్నీ ఓపిగ్గా చూశాడు. నాకూ చూపించాడు. కుడి చేతి బుష్ చుట్టూ నల్లటి మెత్తని పొడి, అంటే రబ్బరు రాపిడికి పొడిగా మారుతోంది. పినియన్ ముక్కు పైన, ఛాసిస్‌కు అడ్డంగా ఉండే క్రాస్ మెంబర్ అడుగున వేలి గోరంత మేర పెయింట్ లేచి ఇనుము తళతళలాడుతోంది. చుట్టూ దుమ్ము, మధ్యలో మెరుపు. తగలకూడనిది తగులుతోందనడానికి అంతకన్నా నిదర్శనం అక్కర్లేదు. ముక్కు దగ్గరి బుష్‌లో లోపలి గొట్టం నడిమధ్య లేదు, ఒక అంచుకు వాలిపోయి ఉంది. పైన రబ్బరు సన్నగా, కింద వెడల్పుగా కనిపిస్తోంది. ఆ ఒక్క బుష్ మీద దుమ్ము పొడిగా లేదు, నూనెతో ముద్దలా ఉంది. ఉస్తాద్ దాన్ని వేలితో రాసి, వాసన చూసి, ఏమీ అనకుండా గుడ్డకు తుడుచుకున్నాడు.

ఇంత కనిపించినా ఆయన బుష్‌లే అని తీర్పు చెప్పలేదు. ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను రెండు చేతులతో పట్టి అటూ ఇటూ మెలిపెట్టాడు. కొంచెం తిరిగి ఆగుతుంది. అది క్రౌన్ పళ్లకూ పినియన్ పళ్లకూ మధ్య ఉండాల్సిన సందు, లోపం కాదు. అదే సమయంలో రెండో చేతి బొటనవేలు షాఫ్ట్ చివరి జాయింట్‌లోని క్రాస్ మీద ఆనించి పెట్టాడు. క్రాస్ అరిగితే యోక్ కదిలాక ఒక క్షణం తర్వాత కప్పు కదులుతుంది, ఆ ఆలస్యం వేలికి తెలుస్తుంది. తెలియలేదు. క్రాస్ బాగుంది. తర్వాత టామీ తీసుకుని, కింద చెక్క ముక్క పెట్టి హౌసింగ్‌ను పైకి ఎత్తాడు. చెక్క ఎందుకంటే పోత లోహం మీద ఇనుప మొన పెడితే అక్కడే పగులు మొదలవుతుంది. హౌసింగ్ లేచింది, వదిలితే వెంటనే దిగలేదు, వాలినట్టు ఉండిపోయింది. మంచి రబ్బరైతే వెనక్కి లాగుతుంది.

చివరి పరీక్ష బరువు మీద. చక్రాలకు ముందూ వెనకా దుంగలు, హ్యాండ్ బ్రేక్ పూర్తిగా, పిట్‌లో మనిషి లేడు. ముక్కు పక్కన క్రాస్ మెంబర్ మీద సుద్దముక్కతో మిల్లీమీటర్ల గీతలు గీసి, దానికి ఎదురుగా సెల్ ఫోన్‌ను స్లో మోషన్ వీడియోలో పెట్టారు. క్యాబిన్‌లో కూర్చున్న కుర్రాడికి బయటి నుంచి ‘‘ఫోర్-హై ఎయ్యి... ఫస్ట్ గేర్... క్లచ్ జర ఇడువు... సాలు సాలు, తొక్కు’’ అని, తర్వాత రివర్స్‌కు అలాగే. వీడియోను అందరం కలిసి చూశాం. ఫస్ట్‌లో ముక్కు మెల్లగా కిందికి దిగింది. రివర్స్‌లో పైకి లేచి, సుద్ద గీతలు దాటి, క్రాస్ మెంబర్‌కు కొట్టుకుని ఆగింది. అడుగు నుంచి పై దాకా దాదాపు 12 మిల్లీమీటర్లు. ఒక్కో వైపుకు మూడు నాలుగు మిల్లీమీటర్లయితే కొత్త బుష్ కూడా కదులుతుంది, అది దాని పని. ఇక్కడ రబ్బరు ఆపాల్సిన చోట ఇనుము ఆపుతోంది. సుద్ద, ఫోను, చెక్క ముక్క, ఒక టామీ. ఖరీదైన పరికరం ఒక్కటీ లేకుండా తప్పు ఎక్కడుందో మిల్లీమీటర్లలో చూపించిన ఆ పద్ధతిని నేను ఏ ప్రయోగశాలకూ తక్కువగా అనుకోను.

విప్పే ముందు గుర్తులు. ప్రొపెల్లర్ షాఫ్ట్ ఫ్లాంజి మీద, పినియన్ ఫ్లాంజి మీద ఎదురెదురుగా తెల్ల పెయింట్ చుక్కలు. అదే వరసలో మళ్లీ కలపకపోతే బాలెన్స్ మారి కొత్త వణుకు వస్తుంది. షాఫ్ట్ విడగొట్టాక దాన్ని వేలాడనివ్వలేదు, తీగతో పైకి కట్టాడు. దాని బరువంతా ఒక్క క్రాస్ మీద వేలాడితే బాగున్న క్రాస్ కూడా పాడవుతుంది. బ్రీదర్ పైపు ఊడదీశాడు, వైర్ల కనెక్టర్ విడదీశాడు, నూనె దించాడు, యాక్సిల్ షాఫ్టులు తప్పించాడు. డిఫరెన్షియల్ కింద గేర్‌బాక్స్ జాకీ పెట్టి, పట్టీ కట్టి, బరువు జాకీ మీదికి వచ్చేదాకా ఎత్తాకే మౌంట్ బోల్టుల మీద పానా పడింది. మూడింటిలో రెండు సులువుగా వచ్చాయి. మూడోది లోపలి గొట్టంతో కలిసి తుప్పుపట్టి బిగుసుకుంది. తిప్పితే బోల్టు కాదు, బుష్ మొత్తం మెలి తిరుగుతోంది. తుప్పు వదిలే నూనె కొట్టి వదిలేశారు, అది నానాకే వచ్చింది. హైదరాబాద్ పొడి గాలిలో ఇది తక్కువే. విశాఖ, కాకినాడ తీరంలో ఏళ్లు తిరిగిన బండికి మూడు బోల్టులూ ఇలాగే ఉండొచ్చు, అప్పుడు బ్రాకెట్‌కూ బుష్‌కూ మధ్య సందులో హాక్సా బ్లేడు పెట్టి కోయడం తప్ప దారి ఉండదు.

డిఫరెన్షియల్ బల్ల మీదికి వచ్చాక పాత బుష్‌లను బయటికి నెట్టాలి. చాలాచోట్ల గ్యాస్ కట్టర్‌తో రబ్బరు కాల్చేస్తారు. పొగ సంగతి అటుంచి, ఆ వేడి చేతి లోహాన్నీ పక్కనున్న సీలునూ దెబ్బతీస్తుంది. ఇంకొందరు సుత్తితో కొడతారు, చెవి పగిలితే హౌసింగ్ మొత్తం కొత్తది కొనాలి. ఈ షెడ్డులో వాడేది స్క్రూ ప్రెస్, లేత్ మీద వాళ్లే చేయించుకున్నది. గట్టి ఉక్కు స్టడ్ ఒకటి, రెండు పక్కలా రెండు ఉక్కు కప్పులు. ఒక కప్పు లోపలి వ్యాసం బుష్ కన్నా కాస్త పెద్దది, చెవి అంచు మీద చుట్టూరా సమంగా ఆనుతుంది, బయటికొచ్చే బుష్‌ను తనలోకి తీసుకుంటుంది. రెండో దాని వ్యాసం బుష్ బయటి గొట్టం కన్నా వెంట్రుకవాసి చిన్నది, దాని అంచునే నెడుతుంది. నట్టు తిప్పుతుంటే బలం అంతా రెండు కప్పుల మధ్యే తిరుగుతుంది, హౌసింగ్‌లోని ఏ ఇతర భాగం మీదా పడదు. నట్టు కింద ఏదో పాత బండి థ్రస్ట్ బేరింగ్ వేశారు. మామూలు వాషర్ ఉంటే తిప్పే శక్తిలో చాలాభాగం రాపిడికే పోయేది, మరలు కూడా కరకరలాడి పాడయ్యేవి. ఆ బేరింగ్ వల్ల చేతి పానాతోనే బుష్ మిల్లీమీటరు మిల్లీమీటరుగా జరిగి వచ్చింది.

నెట్టడానికి ముందు ఇంకో పని చేశాడు. చెవి మీద సూదిమొనతో సన్నగా గీత గీశాడు, నెలవంక ఖాళీ ఏ దిక్కున ఉందో అది చెబుతుంది. బుష్ అంచు చెవి అంచుకు ఎంత లోతులో ఉందో కొలిచి పలక మీద రాశాడు. కొత్త బుష్‌ను పావువంతు తిప్పి దింపినా దిగుతుంది, బోల్టూ పడుతుంది. కానీ మెత్తగా ఉండాల్సిన దిక్కున గట్టిగా, గట్టిగా ఉండాల్సిన దిక్కున మెత్తగా తయారవుతుంది. మూలుగు క్యాబిన్‌లోకి వస్తుంది, కొన్నాళ్లకు రబ్బరు చిరుగుతుంది, ఎందుకో ఎవరికీ అర్థం కాదు.

ఖాళీ అయిన రంధ్రాన్ని సాన కాగితంతో తుడిచి, మూడు లోతుల్లో, ఒక్కో లోతులో రెండు దిక్కుల్లో కొలిచాడు. పైన ఎంతో కిందా అంతే ఉందా, గుండ్రంగా ఉందా, కోలగా సాగిందా అన్నది దీంతో తెలుస్తుంది. సాగి ఉంటే కొత్త బుష్ వేసినా అందులో తిరుగుతుంది. ఇక్కడ సాగలేదు. కొత్త బుష్ బయటి వ్యాసం రంధ్రం కన్నా 0.08 మిల్లీమీటర్లు ఎక్కువ తేలింది. ఆ కాస్త ఎక్కువే దాన్ని పట్టి ఉంచుతుంది, వేరే బోల్టు, పిన్ను, జిగురు ఏదీ లేదు.

కొత్తవి ఎలాంటివి అన్న దగ్గర యజమానికీ ఉస్తాద్‌కూ కాసేపు చర్చ నడిచింది. రబ్బరుకు బదులు పాలీయురేథేన్ బుష్‌లు వేస్తే మళ్లీ పోవు కదా అని ఆయన వాదన. పాలీయురేథేన్ గట్టిది, నూనెకు తట్టుకుంటుంది, అది నిజమే. కానీ దాన్ని చాలావరకు ఉక్కుకు అతికించరు, గొట్టం మీద జారనిస్తారు. అప్పుడు గ్రీజు కావాలి, మన దుమ్ములో గ్రీజు సాన పిండిలా మారుతుంది. గట్టిది గనక పళ్ల మూలుగును వడకట్టదు. రోజూ సరుకు మోసే బండికి కంపెనీ రబ్బరే మంచిదని ఉస్తాద్ మాట. నాకూ అదే సరైనదనిపించింది. రాణీగంజ్ నుంచి వచ్చిన మూడింటినీ ఆయన బల్ల మీద నిలబెట్టి లోపలి గొట్టం నడిమధ్యలో ఉందా అని నాలుగు వైపులా కొలిచాడు, బొటనవేలితో రబ్బరు నొక్కి మూడూ ఒకేలా ఉన్నాయా చూశాడు, గొట్టానికీ రబ్బరుకూ మధ్య గోరు దూరే సందు ఎక్కడైనా ఉందా అని అంచు వెంట గోరు పోనిచ్చాడు. ఒకటి తిప్పి పంపాడు, మార్చి తెప్పించాడు.

దించేటప్పుడు పూసింది సబ్బు నీళ్లు. గ్రీజు, ఇంజన్ నూనె రాస్తే సులువే గానీ అవి అక్కడే ఉండిపోయి రబ్బరును తింటాయి. సబ్బు నీళ్లు ఆరిపోతాయి. కప్పు బయటి గొట్టం అంచునే నెట్టింది, రబ్బరునో లోపలి గొట్టాన్నో నెడితే అచ్చులో పుట్టిన అతుకు ఇక్కడే తెగిపోయేది. గీతకు గీత, లోతుకు లోతు.

పాత బుష్‌లను పక్కన పారెయ్యలేదు. వైస్‌లో బిగించి హాక్సాతో అడ్డంగా కోశారు. చేతుల బుష్‌లు రెండింటిలో రబ్బరు ఎండి పగిలింది, ఏళ్ల వేడికి, గాలిలోని ఓజోన్‌కు సహజంగా వచ్చే ముసలితనం. మూడోది అలా లేదు. రబ్బరు ఉబ్బి, మెత్తబడి, వేలితో గిల్లితే ముక్కలుగా వస్తోంది. సహజ రబ్బరు ఖనిజ నూనెను పీల్చుకుంటే ఇలాగే అవుతుంది. పిట్‌లో ఉస్తాద్ వాసన చూసి ఊరుకున్నది దీన్నే. పినియన్ సీలు నుంచి నూనె చెమరుస్తోంది. అయితే సీలు ఎందుకు కారింది? ఆయన బ్రీదర్ పైపు తీసుకుని నోటితో ఊదాడు. గాలి పోలేదు.

కథంతా అక్కడ కుదిరింది. డిఫరెన్షియల్ తిరిగి వేడెక్కితే లోపలి గాలి వ్యాకోచిస్తుంది, అది పోవడానికే బ్రీదర్. వానాకాలం బురదలో దాని మూతి పూడుకుపోయింది. దారి లేని గాలి నూనెను సీలు పెదవి మీదుగా తోసింది. నూనె కిందికి జారి, సరిగ్గా అక్కడే ఉన్న ముక్కు బుష్‌లోకి ఇంకింది. ఆ బుష్ మెత్తబడ్డాక దాని వాటా బరువు చేతుల బుష్‌ల మీద పడింది. అగ్గిపుల్లంత బురద పెళ్ల 750 కిలోల బలాన్ని ఆపే రబ్బరును ఇలా చంపింది. బుష్‌లు మాత్రమే మార్చి పంపి ఉంటే ఇంకొన్నాళ్లకు ఇదే చప్పుడు తిరిగి వచ్చేది.

సీలు మార్చడం ఇంకాస్త నాజూకైన పని. పినియన్ నట్టు విప్పకముందే, పినియన్‌ను తిప్పడానికి ఎంత టార్క్ పడుతోందో చిన్న గేజు రెంచితో చూసి రాసుకున్నాడు, నట్టు స్థానానికి గుర్తు పెట్టాడు. లోపలి రెండు బేరింగుల మధ్య నలిగే స్లీవ్ ఒకటి ఉంటుంది, నట్టును ఎక్కువ బిగిస్తే అది ఇంకా నలిగిపోయి బేరింగులు బిగుసుకుంటాయి, వెనక్కి తిప్పితే సరికాదు, స్లీవ్ కొత్తది వెయ్యాల్సిందే. అందుకే కొత్త సీలు వేశాక కొంచెం బిగించడం, తిప్పి చూడటం, మళ్లీ కొంచెం బిగించడం. రాసుకున్న అంకె వచ్చేదాకా అంతే, దాన్ని మించలేదు.

డిఫరెన్షియల్ తిరిగి పైకి వెళ్లింది. మూడు బోల్టులూ ముందు చేతితోనే ఎక్కించారు, ఒక్కటీ బిగించలేదు. జాకీని కొద్దిగా దించి, హౌసింగ్‌ను అటూ ఇటూ ఊపి, అది తనంతట తాను ఎక్కడ నిలుస్తుందో అక్కడ నిలవనిచ్చారు. ముందే ఒకటి బిగించేస్తే లోపలి గొట్టం ఆ వంకర స్థితిలోనే బ్రాకెట్‌తో అంటుకుపోతుంది, రబ్బరు బండి నిలబడి ఉన్నప్పుడు కూడా మెలిపడే ఉంటుంది. అలాంటి రబ్బరుకు ఆయుష్షు ఉండదు. హౌసింగ్ కుదురుకున్నాక మాన్యువల్‌లోని అంకెకు టార్క్ రెంచి పెట్టి ఒక్కొక్కటీ బిగించి, నట్టు నుంచి బ్రాకెట్ దాకా పసుపు పెయింట్ గీత గీశారు. నట్టు ఏమాత్రం వదిలినా ఆ గీత విరిగి కనిపిస్తుంది. ఫ్లాంజిల మీద తెల్ల చుక్కలు కలిశాయి. గేర్ ఆయిల్ ఫిల్లర్ రంధ్రం అంచుకు వచ్చేదాకా పోశారు. బ్రీదర్‌కు కొత్త రబ్బరు పైపు వేసి, ఇంజన్ గదిలో పైన, నీళ్లూ బురదా అందని చోట మూతి కిందికి వంచి కట్టారు.

సుద్ద గీతలు ఇంకా క్రాస్ మెంబర్ మీదే ఉన్నాయి. ఫోను మళ్లీ పెట్టారు, కుర్రాడు మళ్లీ క్లచ్ వదిలాడు. ఫస్ట్‌లో ముక్కు రెండు మిల్లీమీటర్లు దిగి, క్లచ్ తొక్కగానే లేచి తన గీత మీదికి వచ్చింది. రివర్స్‌లో మూడు లేచి, అలాగే దిగింది. పైనున్న మెరుపు మచ్చకు అది ఆమడ దూరంలో ఆగింది. ఆ మచ్చకు ఎర్ర ప్రైమర్ పూసి, గార్డు ప్లేటు బిగించే ముందు ఉస్తాద్ యజమానికి రెండే జాగ్రత్తలు చెప్పాడు: 500 కిలోమీటర్లు తిరిగాక తీసుకొస్తే పసుపు గీతలు చూసి పంపుతాడు, ఇకనుంచి ప్రతి సర్వీసులో నూనె కన్నా ముందు బ్రీదర్ ఊది చూడమని అడగాలి.